పునాఖా జోంగ్ కోటా, మఠమా? గంటలో చూసేయొచ్చా?

మీరు అడిగినవి మూడు సంగతులు. పునాఖా జోంగ్‌ను కొందరు కోట అంటున్నారు, కొందరు బౌద్ధ మఠం అంటున్నారు, ఇంతకీ అదేంటి? మార్చి చివర్లో అమ్మానాన్నలతో భూటాన్ వెళ్తున్నారు, టూర్ ప్లాన్‌లో దానికి గంట టైమే ఇచ్చారు, సరిపోతుందా? 1994 వరదలో కొట్టుకుపోయిందని ఎక్కడో చదివారు, మరి ఇప్పుడున్నది కొత్తగా కట్టిందా?

ముందు సూటిగా చెప్పేస్తాను. అది కోటా, మఠమూ రెండూను. కట్టిన రోజు నుంచీ అంతే. గంట అస్సలు చాలదు, కనీసం మూడు గంటలు పెట్టించుకోండి. వరద దాన్ని దెబ్బతీసింది గానీ కొట్టుకుపోలేదు. మీరు చూడబోయేది 1637లో మొదలుపెట్టిన జోంగే, కాకపోతే మధ్యలో చాలాసార్లు బాగుచేసుకుంటూ వచ్చారు.

నేను ఆ లోయలోనే, వాంగ్‌డూ ఊరికి దిగువన పునత్సంగ్ ఛు నది మీద కడుతున్న జలవిద్యుత్ ప్రాజెక్టులో సివిల్ ఇంజినీరుగా కొన్నేళ్ళు పనిచేశాను. మా సైట్‌లో తెలుగువాళ్ళం చాలామందిమే ఉండేవాళ్ళం. ఇంటి దగ్గర్నుంచి ఎవరొచ్చినా మొదట తీసుకెళ్ళేది పునాఖాకే. నదిని రోజూ కొలుస్తూ బతికినవాణ్ణి కాబట్టి ఆ కట్టడాన్ని కూడా నది వైపు నుంచే చూడటం అలవాటైంది. ఈ సమాధానంలోనూ ఆ వాసన ఉంటుంది.

ఎందుకు అక్కడ కట్టారు? ఉత్తరం నుంచి రెండు నదులు దిగుతాయి, ఫో ఛు, మో ఛు. అక్కడివాళ్ళకు ఒకటి మగ నది, ఒకటి ఆడ నది. రెండూ కలిసే చోట మధ్యలో మిగిలిన నాలుక లాంటి నేల మీద జోంగ్ ఉంది. కలిశాక అదే పునత్సంగ్ ఛు. మన దేశంలోకి వచ్చేసరికి సంకోశ్ అంటారు, చివరికి బ్రహ్మపుత్రలో కలుస్తుంది. రెండు నదుల రంగూ ఒకటి కాదు. హిమానీనదాల నుంచి వచ్చే ఫో ఛు బూడిద కలిసిన పాలలా ఉంటుంది, మో ఛు తేటగా ఉంటుంది. కలిసిన తర్వాత కూడా కొంత దూరం రెండు రంగులూ పక్కపక్కనే నడుస్తాయి. రోడ్డు మీద నుంచే ఇది బాగా కనిపిస్తుంది. డ్రైవర్‌ని అక్కడ ఆపమనండి.

రెండు వైపులా నీళ్ళుంటే కందకం తవ్వే పనుండదు. కట్టించిన జబ్‌ద్రుంగ్ న్గవాంగ్ నామ్‌గ్యాల్‌కు అది చాలా అవసరం. ఆయన టిబెట్‌లోని రాలుంగ్ మఠానికి చెందిన, ద్రుక్‌పా అనే బౌద్ధ శాఖ గురువు. వారసత్వం తగాదా ముదిరి 1616లో దక్షిణానికి వచ్చేశారు. వచ్చాక కూడా టిబెట్ సైన్యాలు వెంటపడుతూనే ఉన్నాయి, లోయల్లో ఉన్న ఇతర శాఖలవాళ్ళు కూడా ఎదురు తిరిగారు. 1629లో థింపూ దగ్గర సింతోఖా జోంగ్ కట్టించారు, 1637లో పునాఖా మొదలుపెట్టారు, ఆ మరుసటి ఏడు వాంగ్‌డూ. వరసగా చూస్తే ఆయన ఆలోచన తెలుస్తుంది. ప్రతి లోయ గుమ్మంలోనూ ఒక జోంగ్ ఉండాలి. దాంట్లోనే గుడి, సన్యాసుల గదులు, ధాన్యపు కొట్లు, ఆయుధాలు, పన్నులు లెక్కగట్టే కచేరీ అన్నీ ఉండాలి. ఒక దేశాన్ని లేనిచోట లేపుతున్న మనిషికి వీటన్నిటికీ వేర్వేరు భవనాలు కట్టే తీరిక ఎక్కడిది?

అక్కడివాళ్ళు చెప్పే కథ వేరేగా ఉంటుంది, అదీ వినండి. నామ్‌గ్యాల్ అనే పేరున్నవాడు ఏనుగులా ఉండే కొండ దగ్గరికి వస్తాడని, హిమాలయ బౌద్ధులు కొలిచే గురు పద్మసంభవుడు ఎనిమిదో శతాబ్దంలోనే చెప్పాడట. జోంగ్ వెనక కొండను చూస్తే పడుకున్న ఏనుగే, జోంగ్ ఉన్నది తొండం కొస మీద. జోవే పాలెప్ అనే శిల్పిని జబ్‌ద్రుంగ్ నిద్రపుచ్చితే, కలలో పద్మసంభవుడి స్వర్గధామాన్ని చూసి వచ్చాడని, కాగితం మీద గీత గీయకుండా అదే రూపాన్ని ఇక్కడ కట్టాడని చెబుతారు. పాత జోంగ్‌లకు ప్లాను కాగితాలు ఉండేవి కావన్న మాట మటుకు నిజమే. పెద్ద మేస్త్రి తలలోనే అంతా ఉండేది.

ఇప్పుడు లోపలికి పదండి. మో ఛు మీద ఉన్న చెక్క వంతెన దాటి వెళ్ళాలి. చాలామంది దీన్ని ఫొటో కోసం వాడుకుని దాటేస్తారు, అది అన్యాయం. రెండు ఒడ్ల నుంచీ దూలాలను వరస మీద వరసగా కొంచెం కొంచెం ముందుకు చాస్తూ పేర్చి, చివర్లో మధ్య ఖాళీని కలిపేస్తారు. నది మధ్యలో ఒక్క స్తంభం కూడా ఉండదు. దూలాల వెనక కొసలు ఎగరకుండా వాటి మీద రాతి బురుజుల బరువు కూర్చుంటుంది. ఆ బురుజులే కాపలా గదులు కూడా. పాత వంతెన 1950ల చివర్లో వరదకు పోయింది, ఇప్పుడున్నదాన్ని 2008లో జర్మనీవాళ్ళ సాయంతో పాత పద్ధతిలోనే తిరిగి కట్టారు. పొడవు సుమారు 55 మీటర్లు. నడుస్తూ ఒకసారి ఆగి పక్కనుంచి దూలాల వరసలు లెక్కపెట్టండి.

వంతెన దాటాక గోడలు చూడండి. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతూ ఉంటాయి. భూకంపాల నేలలో సున్నం లేకుండా, మట్టితో రాళ్ళు పేర్చే గోడకు ఆ వాలే బలం. 1897 నాటి అస్సాం భూకంపం భూటాన్‌లో చాలా జోంగ్‌లను పగలగొట్టింది, పునాఖా కూడా దెబ్బతింది. కింది అంతస్తుల్లో కిటికీలు దాదాపు ఉండవు, పైకి వెళ్తేనే పెద్దవి మొదలవుతాయి. అది కోట లక్షణం. గోడ పై భాగంలో చుట్టూ పోయే ఎర్రమట్టి రంగు పట్టీ ఉంటుంది, దాన్ని ఖెమర్ అంటారు. అది లోపల దేవుడున్నాడని చెప్పే గుర్తు. ఒకే గోడ మీద రెండూ కనిపిస్తాయి, మీ మొదటి ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

చెక్క పని గురించి ప్రతి గైడూ "మేకు లేకుండా కట్టారు" అంటాడు. దగ్గరికెళ్ళి చూస్తే అర్థమవుతుంది. ఒక దుంగ చివరను సన్నగా చెక్కి, ఇంకో దుంగలో తొలిచిన బెజ్జంలోకి దింపుతారు. కిటికీ చట్రాలు, ముందుకు పొడుచుకు వచ్చిన మిద్దెలు అన్నీ ఇలాగే. దీనివల్ల భూమి కదిలితే చెక్క కాస్త కదిలి మళ్ళీ కుదురుకుంటుంది. పుచ్చిన దుంగ ఒక్కదాన్నే విప్పి మార్చుకోవచ్చు కూడా. ఈ మాట గుర్తుంచుకోండి, వరద సంగతి దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

లోపల మూడు ప్రాంగణాలు. మొత్తం కట్టడం సుమారు 180 మీటర్ల పొడవు, 72 మీటర్ల వెడల్పు. నిటారు చెక్కమెట్లు ఎక్కి మొదటి ప్రాంగణంలోకి వెళ్తారు. పూర్వం శత్రువు వస్తే ఆ మెట్లను పైకి లాగేసేవారు. మొదటి ప్రాంగణం ప్రభుత్వానిది. తెల్లటి స్తూపం, పెద్ద బోధి చెట్టు, చుట్టూ జిల్లా కార్యాలయాలు. ఇప్పటికీ అవి పనిచేసే ఆఫీసులే. ఫైళ్ళు పట్టుకుని మామూలు జనం వస్తుంటారు. గుమ్మం దగ్గర కాసేపు నిలబడితే ఒకటి గమనిస్తారు. ఘో అనే సంప్రదాయ దుస్తులు వేసుకున్న మగవాళ్ళు లోపలికి అడుగు పెట్టే ముందు భుజం మీంచి పొడుగాటి గుడ్డ ఒకటి చుట్టుకుంటారు. దాని పేరు కాబ్నే. మామూలు పౌరులకు తెలుపు, మంత్రులకు నారింజ, రాజుగారికీ ప్రధాన మఠాధిపతికీ పసుపు. ఆడవాళ్ళు భుజం మీద రాచు అనే గుడ్డ వేసుకుంటారు. భూమి పట్టా పనికి వచ్చినా సరే, కాబ్నే లేకుండా జోంగ్‌లోకి రారు.

అదే ప్రాంగణంలో ఎడమ వైపు మూలకు వెళ్ళండి, జనం అటు పెద్దగా పోరు. అక్కడ కొన్ని రాళ్ళు, నాగుల రాణి ప్రతిమ ఉంటాయి. మన ఊళ్ళలో రావిచెట్టు కింద నాగప్రతిష్ఠ రాళ్ళు చూసిన కళ్ళకు అది కొత్తగా అనిపించదు. మా అమ్మ అక్కడికి రాగానే ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పేసింది. తలెత్తి చూరు కింద కూడా చూడండి, పెద్ద పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. వాటిని ఎవరూ కదపరు.

మొదటి, రెండో ప్రాంగణాల మధ్యలో ఆరంతస్తుల గోపురం, దాన్ని ఉత్సే అంటారు. ఇది దాటితే సన్యాసుల లోకం. అంటే ఒకే కప్పు కింద ఇటు పాలన, అటు ధర్మం, నడుమ ఉత్సే. జబ్‌ద్రుంగ్ పెట్టిన ఏర్పాటు కూడా ఇదే. ధర్మం వ్యవహారాలకు జే ఖెన్‌పో అనే మఠాధిపతి, లౌకిక వ్యవహారాలకు దేసి అనే పాలకుడు. ఆ దేసి పదవి 1907 డిసెంబరు 17న పోయింది. ఆ రోజు ఇదే జోంగ్‌లో ఉగ్యేన్ వాంగ్‌చుక్‌ను వంశపారంపర్య రాజుగా ఎన్నుకున్నారు. భూటాన్ జాతీయ దినోత్సవం అందుకే డిసెంబరు 17. బ్రిటిష్ ఇండియాతో 1910 ఒప్పందం జరిగింది కూడా ఇక్కడే. ఏటా ఇచ్చే సొమ్మును 50 వేల రూపాయల నుంచి లక్షకు పెంచారు, విదేశీ వ్యవహారాల్లో బ్రిటిష్‌వాళ్ళ సలహా పాటించేలా, అంతర్గత విషయాల్లో వాళ్ళు వేలు పెట్టకుండా ఉండేలా రాసుకున్నారు. భూటాన్ వలస పాలన కిందికి వెళ్ళకుండా బయటపడటంలో దాని పాత్ర చిన్నది కాదు. 1953లో తొలి జాతీయ సభ, 2011లో ఇప్పటి రాజుగారి పెళ్ళి కూడా పునాఖాలోనే. రాజధాని థింపూకు మారింది 1955లో.

మూడో ప్రాంగణంలో మాచెన్ లఖాంగ్ అనే గుడి ఉంది. జబ్‌ద్రుంగ్ పార్థివదేహం ఇందులోనే ఉంది. ఆయన 1651లో ఏకాంత ధ్యానంలో ఉండగా పోయారు. దేశం విడిపోతుందన్న భయంతో ఆ విషయాన్ని యాభై ఏళ్ళకు పైగా బయటికి పొక్కనివ్వలేదు. ధ్యానంలోనే ఉన్నారని చెబుతూ వచ్చారు. ఆ గదిలోకి రాజుగారు, జే ఖెన్‌పో, అక్కడ సేవ చేసే సన్యాసులు తప్ప ఎవరూ వెళ్ళరు. మీ గైడు బయట నుంచే చూపిస్తాడు, "ఒక్కసారి లోపలికి" అని అడగకండి. మన వాళ్ళు కొందరు అడిగి, ఆ గైడ్లను ఇబ్బంది పెట్టడం నేను చూశాను.

చివర ఉన్న పెద్ద సభామందిరాన్ని మాత్రం తప్పకుండా చూడండి. వంద స్తంభాల మందిరం అంటారు, ఉన్నవి 54. బంగారు పూత రేకులు తొడిగిన స్తంభాలు, ఎదురుగా బుద్ధుడు, పద్మసంభవుడు, జబ్‌ద్రుంగ్ భారీ విగ్రహాలు. గోడల మీద బుద్ధుడి జీవిత ఘట్టాలు పన్నెండు. లుంబినిలో పుట్టుకతో మొదలుపెట్టి వరసగా చూసుకుంటూ వెళ్ళండి, భాష రాకపోయినా కథ మనకు తెలిసిందే కదా. ఒక్క ఈ హాల్లోనే అరగంట కూర్చోవచ్చు. ఒకసారి ఒక పెద్దవయసు సన్యాసి మాది ఏ ఊరని గైడు ద్వారా అడిగారు. గుంటూరు దగ్గర, అమరావతి పక్క అంటే గైడు దాని పాత పేరు ధాన్యకటకం అని వివరించాడు. ఆయన లేచి నిలబడి మా రెండు చేతులూ పట్టుకున్నారు. కాలచక్ర అనే తాంత్రిక బౌద్ధ బోధ జరిగిన చోటు ధాన్యకటకమేనని హిమాలయ బౌద్ధుల నమ్మకం. 2006లో దలైలామా అమరావతిలో కాలచక్ర నిర్వహించినప్పుడు మన దగ్గరికి అంతమంది వచ్చింది అందుకే. మీరూ ఆంధ్ర నుంచే అయితే ఆ పేరు చెప్పి చూడండి.

ఇక వరద. 1994 అక్టోబరు 7న ఫో ఛు ఎగువన, లునానా ప్రాంతంలో లుగ్గే అనే హిమానీ సరస్సు గట్టు తెగింది. ఇలాంటి సరస్సులకు గట్టు అంటే కాంక్రీటు కాదు, హిమానీనదం తోసుకొచ్చి వదిలేసిన రాళ్ళూ మట్టీ. నీటి బరువు పెరిగినప్పుడో, లోపలి మంచు కరిగినప్పుడో అది జారిపోతుంది. కింద వాన చుక్క లేకపోయినా నది ఒక్కసారిగా లేస్తుంది. ఆ వరద చెట్లను కూకటివేళ్ళతో లాక్కొచ్చింది. అలాంటి ప్రవాహంలో నీళ్ళ కంటే దుంగలే ఎక్కువ హాని చేస్తాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు, జోంగ్‌లో కొంత భాగం దెబ్బతింది. అంతకుముందు 1986లో అగ్నిప్రమాదం జరిగి ఉంది. రెండు దెబ్బలకూ కలిపి పెద్ద ఎత్తున పునరుద్ధరణ చేశారు. ఒడ్డున రక్షణ గోడలు కట్టారు.

ఆ తర్వాత ప్రభుత్వం ఊరుకోలేదు. పక్కనే ఉన్న థోర్‌థోర్మి సరస్సు ఇంకా ప్రమాదమని తేలితే, కొన్నేళ్ళ పాటు వేసవి నెలల్లో వందల మంది కూలీలు, వలంటీర్లు నడిచి వెళ్ళి, అంత ఎత్తులో పారలతో, చేతులతో రాళ్ళు తీసి నీటిమట్టాన్ని 5 మీటర్లు తగ్గించారు. యంత్రాలు అక్కడికి చేరవు. ఇంజినీరుగా నేను మొక్కే పనుల్లో అదొకటి. లోయలో సైరన్లతో హెచ్చరిక వ్యవస్థ కూడా ఉంది. ఎగువ నుంచి నీటిమట్టం అసాధారణంగా ఉందని కబురొస్తే మా సైట్‌లో కూడా నది మట్టం నుంచి మనుషుల్ని పైకి పంపేసేవాళ్ళం. మీరు వెళ్ళే మార్చిలో దాని గురించి టెన్షన్ అక్కర్లేదు, కాకపోతే నది ఒడ్డున సైరన్ స్తంభం కనిపిస్తే అదెందుకో తెలిసి ఉంటుంది.

కాబట్టి "కొత్తదా, పాతదా" అన్న ప్రశ్న జోంగ్‌లకు సరిగ్గా అతకదు. ఇందాక చెప్పిన చెక్క పనిని తలుచుకోండి. విప్పి మార్చుకునేలా కట్టిన కట్టడం అది. వెన్న దీపాలు, చెక్క కప్పులు, భూకంపాలు ఉన్నచోట ప్రతి తరమూ ఏదో ఒక భాగం తిరిగి కట్టింది. స్థలం, ప్లాను, లోపలి పవిత్ర వస్తువులు, వాటి చుట్టూ జరిగే పూజ మారలేదు. వాంగ్‌డూ జోంగ్ 2012 జూన్ 24న కాలిపోయినప్పుడు మా కాలనీ నుంచి పొగ కనిపించింది. అసలే వాంగ్‌డూ గాలికి పేరు, మంట ఆగలేదు. మరమ్మతుల కోసం ముందే తరలించి ఉంచబట్టి చాలా పవిత్ర వస్తువులు దక్కాయి. మాతో పనిచేసే భూటాన్ కుర్రాళ్ళు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. భారత్ సాయంతో పాత పద్ధతిలో తిరిగి కట్టి 2022లో ప్రతిష్ఠ చేశారు. ఇప్పుడు దాన్ని ఎవరూ నకలు అనరు. టైముంటే అదీ చూడండి, పునాఖా నుంచి దగ్గరే.

మీ ప్రయాణానికి పనికొచ్చే నాలుగు మాటలు.

థింపూ నుంచి పునాఖా 75 కిలోమీటర్లు ఉంటుంది, కానీ సుమారు 3,100 మీటర్ల దోచులా కనుమ ఎక్కి దిగాలి, రెండున్నర మూడు గంటలు పడుతుంది. పైన వణికిస్తుంది, పునాఖా 1,200 మీటర్లే కాబట్టి కింద వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం కోసమే జే ఖెన్‌పో, కేంద్ర మఠ సన్యాసులు చలికాలమంతా పునాఖాలో ఉండి, వేసవికి థింపూ వెళ్తారు. మార్చి చివర్లో వాళ్ళు ఇంకా ఇక్కడే ఉంటారు, మీ అదృష్టం. అదే కారణంగా కొన్ని వేళల్లో లోపలికి పంపరు, గైడుని ముందే కనుక్కోమనండి. జోంగ్ పక్కన ఊదారంగు జకరండా పూలు అప్పుడే మొదలవుతుంటాయి.

పునాఖాలో ఒక రాత్రి ఉండండి. థింపూ నుంచి వెళ్ళి అదే రోజు తిరిగొస్తే పెద్దవాళ్ళు అలసిపోతారు, మీకు గంటకు మించి మిగలదు. మధ్యాహ్నం చేరి భోంచేసి, మూడింటికి జోంగ్‌లోకి వెళ్తే వెలుగు బాగుంటుంది. అమ్మానాన్నలకు మోకాళ్ళ నొప్పులుంటే ప్రవేశం దగ్గరి చెక్కమెట్లే కష్టం. పట్టుకోవడానికి ఆసరా ఉంటుంది, నెమ్మదిగా ఎక్కించండి. మొదటి ప్రాంగణంలో కూర్చోబెట్టి ఊపిరి తీసుకోనివ్వండి. ఫో ఛు మీద పొడవాటి వేలాడే వంతెన జోంగ్ వెనక నుంచి ఇరవై నిమిషాల నడక, ఊగుతుంది, అది మీ ఓపికను బట్టి.

చేతులు, కాళ్ళు నిండా కప్పే బట్టలు వేసుకోండి. టోపీ తీయాలి. ప్రాంగణాల్లో ఫొటోలు తీసుకోవచ్చు, గుళ్ళ లోపల వద్దు. ప్రదక్షిణ మనలాగే కుడి వైపుగా.

ఫిబ్రవరి–మార్చి నెలల్లో, వాళ్ళ తిథి ప్రకారం, పునాఖా ద్రుబ్‌చెన్ ఉత్సవం జరుగుతుంది. 1639 నాటి టిబెట్ దాడిని పాతకాలపు సైనిక వేషాల్లో ఆడి చూపిస్తారు. టిబెట్‌వాళ్ళు అడిగిన పవిత్ర ప్రతిమను జబ్‌ద్రుంగ్ నదిలో పారేసినట్టు నటించి దాచేశారట. దానికి గుర్తుగా జే ఖెన్‌పో మో ఛులోకి నారింజలు విసురుతారు. ఈ ఏడు తేదీలు చూసుకోండి, మీ ప్రయాణాన్ని కాస్త ముందుకు జరపగలిగితే జరపండి.

కాగితాల విషయం: భారతీయులకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ కావాలి, ఆధార్ చెల్లదు. ఒక్కొక్కరికి రాత్రికి 1,200 రూపాయల సుస్థిర అభివృద్ధి రుసుము ఉంది. థింపూ, పారో దాటి పునాఖా వెళ్ళాలంటే గైడు తప్పనిసరి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే ముందు భూటాన్ పర్యాటక శాఖ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి. హైదరాబాద్ నుంచి బాగ్‌డోగ్రా దాకా విమానం, అక్కడి నుంచి భూటాన్ సరిహద్దు ఊరు ఫుంట్‌షోలింగ్ దాకా రోడ్డు మన వాళ్ళకు తేలిక దారి. ఓటరు కార్డులో పేరు, టికెట్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే సరిచూడండి. ఇంటిపేరు ముందు వెనక కావడం వల్ల సరిహద్దు దగ్గర మన తెలుగువాళ్ళు గంటలు గంటలు ఆగిపోవడం చాలాసార్లు జరిగింది.